జరా పక్కకు జరుగుమను

చర్చి గంట మధ్యాహ్నం కొట్టగానే కమలమ్మ సద్ది గిన్నె తాడుకు కట్టి ఖిల్లా కింది బావిలోకి దించేది. ఆ బావి అడుగున సముద్రం ఉంది. మెదక్‌లో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు. పెళ్లయిన ఏడాదికే, తెగిపడిన బొక్కెన తీయడానికి దిగిన ఆమె మొగుడు యాకోబు ఆ నీళ్లు చూసి అక్కడే ఉండిపోయాడు. ఇంటి అన్నం మాత్రం మానలేదు. కడిగిన గిన్నెలో రోజూ ఒక గవ్వ వేసి పంపేవాడు. "పైకి రారాదు!" అని ఆమె కేకేయని రోజు లేదు. పైకొచ్చేది గవ్వే.

అరవై మూడులో పట్నం మందుల కార్ఖానా ఒకటి, తమ విషపు నీళ్ల పీపాలు ఒంపడానికి చోటిస్తే ఊరికి వీధి దీపాలు వేయిస్తామంది. హవేలిఘనపూర్ రైతులు కర్రలు పట్టుకుని గట్ల మీద నిలబడ్డారు. టేక్మాల్ వాళ్లు లారీని పొలిమేరలోనే వెనక్కి తిప్పారు. ఇక మిగిలింది సముద్రమే. దాని తరఫున కర్ర పట్టేవాళ్లు ఎవరున్నారు గనక! మున్సిపల్ మీటింగులో పీపాలు బావిలో ఒంపడానికి సరేనని అందరూ చేతులెత్తారు.

కమలమ్మ లేచి నిలబడింది. "కింద మా ఆయన ఉన్నడు సాబ్."

చైర్మన్ గులాం మొహియుద్దీన్ మంచివాడే. ఓపిగ్గా చెప్పాడు. "సముద్రం మస్తు పెద్దగుంటదమ్మా. గీ నాలుగు పీపాలు ఏ మూలకొస్తయి? జరా పక్కకు జరుగుమను."

నిజమే కాబోలు అనుకుంది పిచ్చితల్లి. బావిలోకి వంగి అదే మాట అరిచి చెప్పింది.

పీపాలు ఒంపిన మర్నాడు గిన్నె మూత తీయకుండానే తిరిగొచ్చింది. ఆ తర్వాత కూడా అంతే. ఆ వారం చివర ఎంత లాగినా తాడు కదల్లేదు. కమలమ్మ కేకలకు చైర్మన్‌తో సహా బజారంతా వచ్చి తలా ఒక చెయ్యి వేసింది.

తాడు పట్టుకుని యాకోబు పైకొచ్చాడు. దిగిన నాటి వయసే. కమలమ్మకేమో తల సగం నెరిసింది. అతని చేతులు మోచేతుల దాకా ఉడికినట్టు తెల్లబడి ఉన్నాయి. ఆమె అతన్ని వాటేసుకుని ఏడ్చింది. ఇన్నేళ్లు తను పిలిస్తే రాని మనిషి పీపాలకు వచ్చాడన్న కోపమూ ఆ ఏడుపులో ఉంది.

జనం తాడు వదలబోయారు. అది యాకోబు వెనక ఇంకా బావిలోకే బిగిసి ఉంది.

"ఇడువకుండ్రి," అన్నాడతను దగ్గుతూ. "నా ఎనక ఉన్నరు."

"ఎవరున్నరు?" అన్నాడు చైర్మన్.

"కింద ఉండేటోళ్లు. అందరొస్తున్నరు." యాకోబు బావి గట్టు చుట్టూ కిక్కిరిసిన ఊరినంతా ఒకసారి చూశాడు. "జరా పక్కకు జరుగుండ్రి సాబ్."