అడిగితే చెప్పే తెర

ఆమె భర్త చొక్కా కాలర్ మీద ఇస్త్రీ పెట్టె ఆనించిందో లేదో, అతను గడ్డం గీసుకుంటూ బాత్రూమ్‌లోంచి అడిగాడు.

"పిల్లల బూట్ల అమ్మకాలు ఎంత పెరిగాయన్నావ్?"

"పన్నెండు శాతం."

"ఆడవాళ్ళ చెప్పులు?"

"మూడు శాతం తగ్గాయి. అది మీరుగా ఎత్తకండి, అడిగితేనే చెప్పండి."

"తెలుసులే. ఇవాళ మీటింగులో నీ తెర సంగతి వస్తుంది. మేనేజర్లకిస్తే చాలు, అందరికీ ఎందుకని నేనే అంటాను. నువ్వు మధ్యలో రాకు."

చొక్కా చెయ్యి తిరగేసి ఇస్త్రీ చేసింది. సరేనని మాత్రం అనలేదు. అతను గమనించలేదు. ఆమె సరే అంటుందని అతనికెప్పుడూ అనుమానం రాలేదు మరి.

ఇద్దరిదీ ఒకే చెప్పుల కంపెనీ. ఊరూరా దుకాణాలున్నాయి. అతను అమ్మకాల మేనేజర్, ఆమె కింది అంతస్తులో డేటా విభాగం. పెళ్ళయినప్పటినుంచీ పొద్దున్నే ఇస్త్రీకీ టిఫిన్ బాక్సులకీ మధ్య ఆమె అంకెలు అప్పజెప్పేది. అతను కాగితం చూడకుండా మీటింగులో అవే గడగడా చెప్పేవాడు. ఊహించని ప్రశ్న వస్తే బల్ల కింద ఫోన్‌లో మెసేజ్ కొట్టేవాడు. వెనక వరసలో నోట్స్ రాసుకునే ఆమె, తలెత్తకుండానే జవాబు పంపేది. అతను ఒక్కసారి దగ్గి, నుదురు రుద్దుకుని, అప్పుడే గుర్తొచ్చినట్టు చెప్పేవాడు. ఆఫీసులో అతనికి లెక్కల పులి అని పేరు. ఆమె పేరు లెక్కల పులిగారి మిసెస్. ఇంటికెవరొచ్చినా అత్తగారు, "మావాడికి చిన్నప్పట్నుంచీ లెక్కలు నోటికేనమ్మా" అనేది. మొదట్లో ఆ మాటకి ఆమెకి లోలోపల నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత చేతిలో మంచినీళ్ళ ట్రే కాస్త బరువెక్కినట్టుండేది. ఎప్పుడైనా నడుం నొప్పంటే, "కూర్చుని చేసే పనికి అలుపేంటే తల్లీ" అని అదే అత్తగారు నవ్వేది.

తెర అంటే అమ్మకాల లెక్కలు అడిగితే చూపించే యాప్. దాన్ని ఆమె కొడుకు హోంవర్కు పక్కన, కుక్కర్ విజిళ్ళ మధ్య ఏడాదిపాటు కూర్చుని చేసింది. కంపెనీలో ఎవరైనా ఫోన్ తెరిచి మామూలు మాటల్లో అడగొచ్చు. ఏం అమ్ముడైంది, ఏం మిగిలింది, ఏం తిరిగొచ్చింది, అన్నీ చెప్తుంది. ఒక కౌంటర్ అమ్మాయి ఫోన్ చేసి, "అక్కా, నెలనెలా అమ్మకాల టార్గెట్లని పరీక్ష పెడతారు, మార్కులు మాత్రం చెప్పరు. ఇదెక్కడి న్యాయం?" అని అడిగిన రోజు మొదలుపెట్టింది. ఇవాళ కంపెనీ యజమానురాలు మేడం ఔనంటే సాయంత్రానికల్లా అందరి చేతుల్లోకీ వెళ్తుంది. కాదంటే దానికి కేటాయించిన సొమ్ము కొత్త షోరూమ్‌కి పోతుంది, తెర అటకెక్కుతుంది.

మీటింగులో భర్త మొదటి నిమిషం నుంచే దంచేశాడు. పన్నెండు శాతం అనగానే బల్ల చుట్టూ తలలూగాయి. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"మేడం, అద్దం అందరికీ ఇస్తే అందరూ మొహాలు చూసుకుంటూ కూర్చుంటారు. పనెవరు చేస్తారు? అంకెలు అర్థమయ్యే నలుగురి దగ్గరుంటే చాలు."

కొందరు పైకే నవ్వారు. ఆమె ఇచ్చిన అంకెలతోనే ఆమె పని గొంతు నొక్కుతున్నాడు.

మేడం కళ్ళజోడు పైనుంచి చూసింది. "అయితే ఒకటి చెప్పండి. రెండో నంబరు దుకాణం నుంచి ఇన్ని జతలు ఎందుకు తిరిగొస్తున్నాయి?"

ఆమె ఒళ్ళో ఫోన్ వణికింది. *ఎన్ని వచ్చాయి? ఎందుకు? త్వరగా.*

జవాబు నాలిక చివరే ఉంది. వేళ్ళు అలవాటు కొద్దీ అక్షరాల మీదికి వెళ్ళాయి కూడా. పంపితే అతను దగ్గుతాడు, నుదురు రుద్దుకుంటాడు, చెప్తాడు. మేడం మెచ్చుకుంటుంది, తెర మూలపడుతుంది. పంపకపోతే రాత్రి ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాట ఉండదు, వారమో, నెలో. అత్తగారు మొగుడి పరువంటూ మొదలుపెడుతుంది. ఇవన్నీ ఆమెకి తెలుసు. ఆశ్చర్యంగా, భయం వేయాల్సిన చోట గుండె ఎగిరెగిరి పడుతోంది, పరుగుపందెంలో గీత దగ్గర నిలబడ్డట్టు. ఫోన్ బోర్లించింది.

అతను వెనక్కి తిరిగి చూశాడు. ఆమె నోట్స్ రాసుకుంటోంది.

"అదీ... కౌంటర్ అమ్మాయిల నిర్లక్ష్యం మేడం," అన్నాడు. "ఫోన్లు చూసుకుంటూ ఏదో ఒక సైజు అంటగడతారు. ఇద్దర్ని తీసేస్తే మిగతావాళ్ళు దారికొస్తారు."

ఆమె లేచి నిలబడింది. కుర్చీ కిర్రుమంది.

"మేడం, అది మీరే అడిగి చూడొచ్చు. తెర తెరిచే ఉంది."

"కూర్చో," అన్నాడు భర్త, పెదవులు కదిలీ కదలకుండా.

ఆమె కూర్చోలేదు. బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి తన టాబ్లెట్‌ని మేడం ముందు పెట్టింది. మేడం ఒంటి వేలితో కొట్టింది: రెండో దుకాణంలో ఎందుకు తిరిగొస్తున్నాయి. గోడ మీది పెద్ద స్క్రీన్‌లో గీతలు లేచాయి. తిరిగొచ్చినవి దాదాపు అన్నీ ఆడవాళ్ళ చెప్పులే, ఆరో సైజువే. మేడం కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఆరో సైజు మిగతా దుకాణాల్లో?" అక్కడా అంతే.

"ఒక్కనిమిషం," అంటూ కొనుగోళ్ళ ఆఫీసరు సగం లేచాడు. "ఎప్పట్నుంచో అడగండి మేడం."

కొత్త తయారీదారు సరుకు మొదలైన నెల నుంచి, అని చూపించింది తెర.

ఆఫీసరు తల పట్టుకున్నాడు. "వాడి ఆరంటే మన అయిదున్నరండీ. పాపం అమ్మాయిలేం చేస్తారు, పెట్టె మీద ఉన్న సైజే కదా ఇచ్చేది."

ఇక ఆగలేదు. గోడౌన్ ఆయన తన సరుకు అడగమన్నాడు, అకౌంటెంట్ కళ్ళజోడు సర్దుకుని గోడ దగ్గరికే వచ్చేశాడు, ఒకరి ప్రశ్న పూర్తికాకుండానే ఇంకొకరు అందుకుంటున్నారు. సంతలా ఉంది గది. అందరూ తెరనే అడుగుతున్నారు. ఒక్క లెక్కల పులిని ఎవరూ ఏమీ అడగడం లేదు.

"ఇది కౌంటర్‌లో వాళ్ళకుంటే మొదటి వారంలోనే మనకి చెప్పేవాళ్ళు," అంది మేడం. "తెరవమ్మా. అందరికీ."

"మేడం," అన్నాడు భర్త చప్పున, "తెరవడం సరే, అందరికీ నేర్పేదెవరు? మా ఆవిడకి ఇల్లూ పిల్లాడూ ఉన్నారు. అంత భారం మోయలేదు."

మేడం ఆమె వైపు చూసింది.

"భారం సంగతి నన్నడగండి మేడం," అంది ఆమె. "నేర్పుతాను."

బటన్ నొక్కింది. లింకు ప్రతి దుకాణానికీ, గోడౌన్‌కీ, సరుకు వ్యాను డ్రైవర్లకీ వెళ్ళిపోయింది. పది నిమిషాలు కాకముందే ఎక్కడెక్కడినుంచో ప్రశ్నలు రావడం మొదలైంది. ఆమెకి ఒక్కసారిగా గట్టిగా నవ్వొచ్చింది, ఆపుకోలేదు.

మెట్ల దగ్గర భర్త కాచుకుని ఉన్నాడు. కోపమో బెంగో తెలియని మొహం.

"అందరి ముందూ నన్నలా గాలికొదిలేశావ్. సరే, అయిందేదో అయింది. సోమవారం మీటింగుకి నా అంకెలు మాత్రం సిద్ధం చెయ్యి."

"లింకు మీకూ వచ్చిందండీ," అంది ఆమె మెట్లు దిగుతూ. "అడగడం తెలియకపోతే సోమవారం పొద్దున్నే మొదటి క్లాసు. కౌంటర్ అమ్మాయిలు వస్తున్నారు. వాళ్ళ పక్కన మీకూ ఒక కుర్చీ వేయిస్తాను."