అందించిన మాట

ఆ ఇంట్లో ఎవరైనా తుమ్మితే అది రెండో అంకంలో వినపడుతుందని చుట్టాల్లో ఒక మాట ఉంది. పుట్టించింది ఆ ఇంటాయన, నాటకాల డైరెక్టరుగారి అక్క. ఆవిడ భర్తని ఒకసారి ఉద్యోగంలోంచి తీసేస్తే, ఇంట్లో చెప్పుకోలేక కొన్నాళ్ళపాటు రోజూ పొద్దున్నే క్యారియరు పట్టుకుని బయల్దేరి, పార్కులో కూర్చుని, సాయంత్రానికి తిరిగొచ్చాడాయన. సంగతి బయటపడ్డాక ఆవిడ తమ్ముడి దగ్గర కూర్చుని కడుపులో ఉన్నదంతా కక్కేసింది. మరుసటి ఏడు ఆ క్యారియరూ, ఆ పార్కు బెంచీ, ఆవిడ ముక్కు చీదడంతో సహా స్టేజి ఎక్కాయి. జనం కడుపుబ్బ నవ్వారు. అప్పట్నుంచి ఆవిడ తమ్ముడింటికొస్తే మంచినీళ్ళు అడగడానికి కూడా ఆలోచించుకునేది.

"వాడి ముందు నోరు మెదపకే తల్లీ," అనేది మరదలితో. "ఎవరి పెరట్లో ఏం కాసినా వాడి బుట్టలోకే."

మరదలికి ఆ సలహా ఆలస్యంగా అందింది.

ఆవిడని నాటకం వాళ్ళంతా వదినమ్మ అంటారు. వదినమ్మ పని ప్రాంప్టింగు. స్టేజి పక్కన, తెర చాటున ఉండే వింగులో స్టూలు వేసుకుని, చిన్న బల్బు కింద స్క్రిప్టు పెట్టుకుని, మాట మరిచిపోయినవాళ్ళకి మాట అందించడం. అది చెప్పినంత తేలిక కాదు. ముందే అందిస్తే నటుడికి కోపం, ఆలస్యమైతే డైరెక్టరుకి కోపం, గొంతు పెరిగితే ముందు వరసవాళ్ళు ఇకిలిస్తారు. వాక్యమంతా చెప్పనక్కర్లేదు. మొదటి మాట అందిస్తే మిగతాది తోకలా వెనకాలే వస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, వింగులో ఉన్నంతసేపూ సొంత మాట మాట్లాడకూడదు. మాట మరిచిన నటుడు నీళ్ళలో మునిగేవాడితో సమానం. తాడైనా పట్టుకుంటాడు, పామైనా పట్టుకుంటాడు. ఒకసారి రాజు వేషం వేసిన పోస్టాఫీసు గుమాస్తా, వదినమ్మ కాలు గోక్కుంటూ "దోమలు" అని గొణిగితే, కత్తి దూసి "దోమలు" అని గర్జించాడు.

డైరెక్టరు పగలు ఫ్యాక్టరీ స్టోర్సులో గుమాస్తా. సాయంత్రం సైరన్ మోగాక మరో మనిషి. ఫ్యాక్టరీవాళ్ళు వాడకుండా వదిలేసిన గోడౌనుని బతిమాలి పుచ్చుకుని, రేకుల కప్పు కింద బల్లలు పరిచి, థియేటరన్నాడు. వానపడితే రేకుల చప్పుడుకి డైలాగులు వినపడవు. అందుకని వర్షాకాలం నాటకాల్లో కొట్లాటలు ఎక్కువ రాసేవాడు. టైలరుకి పొట్ట ఉందని షావుకారు వేషం ఇచ్చేవాడు. మెకానిక్కుకి నత్తి ఉంటే ఆ నత్తినే కథ చేసేవాడు. కొలతలు తీసి కుట్టినట్టు ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్ళకి రాయడంలో ఆయనకి సాటి లేరని వదినమ్మ కూడా ఒప్పుకుంటుంది. ప్రమోషన్ తీసుకుంటే ఊరు మారాలి, ఊరు మారితే నాటకం పోతుందని దాన్ని వద్దన్నాడు. ఆ సంగతి భార్యకి తెలిసింది టైలరు నోటి వెంట, జాకెట్టు కుట్టించుకోడానికి వెళ్ళినప్పుడు.

ఆయనకి పేరు తెచ్చిన నాటకం మొదటిసారి ఆడిన రోజున వాళ్ళ కూతురికి జ్వరం. చెవిపోటుతో పిల్ల పొద్దుట్నుంచీ ఏడుస్తోంది. పక్కింటావిడకి అప్పజెప్పి వదినమ్మ వచ్చి వింగులో కూర్చుంది. మొదటి అంకం సగమైందో లేదో, పక్కింటావిడ తమ్ముడు వెనక గుమ్మంలోంచి తొంగిచూశాడు.

"పిల్ల ఒళ్ళు పెనంలా ఉందంటండీ. చెవిలోంచి చీము కారుతోందంట. మా అక్క మిమ్మల్ని రమ్మంటోంది."

వదినమ్మ లేచి భర్త దగ్గరికి వెళ్ళింది. ఆయన కళ్ళు స్టేజి మీదే ఉన్నాయి.

"ఇప్పుడా? నువ్వు లేకపోతే టీచరమ్మ ఒక్క ముక్క చెప్పలేదు. నాటకం జరగద్దా? ఇంటర్వెల్ దాకా ఆగు."

వదినమ్మ మళ్ళీ వచ్చి స్టూలు మీద కూర్చుంది. కళ్ళలో నీళ్ళకి అక్షరాలు అలుక్కుపోయాయి. సరిగ్గా అప్పుడే, పెద్ద సంసారం మోసే ఇల్లాలి వేషంలో ఉన్న టీచరమ్మ మాట మరిచిపోయి వింగు వైపు తిరిగింది. వదినమ్మ చూడలేదు. తనలో తను గొణుక్కుంది.

"నేను లేకపోతే జరగదంటారు. నేనున్నానని మాత్రం ఎవరికీ గుర్తుండదు."

టీచరమ్మ అందుకుంది. అక్షరం పొల్లుపోకుండా, అదే విసుగుతో, హాలుకేసి తిరిగి చెప్పేసింది. హాలు ఊపిరి బిగబట్టింది. తర్వాత మోగిన చప్పట్లకి రేకులు అదిరాయి. తన స్క్రిప్టులో లేని మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో డైరెక్టరుకి అర్థమైంది. ఇంటర్వెల్లో వదినమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి పరిగెడుతుంటే, ఆయన వింగులోకొచ్చి ఆ మాటని స్క్రిప్టులో రాసుకున్నాడు.

పిల్లకి ఎడమ చెవి పోయింది. ఇంకాస్త ముందు తీసుకొస్తే దక్కేదేమో, దక్కకపోనూవచ్చు అన్నాడు డాక్టరు. ఆ రెండు మాటల మధ్య వదినమ్మ చాలా ఏళ్ళు కాపరం చేసింది.

వాక్యం మాత్రం ఊరు దాటింది. కాలేజీ పిల్లలు పోటీల్లో అప్పజెప్పారు. ఎవడో వ్యాను వెనక రాయించుకున్నాడు. గోడౌను గోడ మీద నీలం రంగుతో రాసి, కింద డైరెక్టరు పేరు వేశారు. ఆ వాక్యం మీకెలా తట్టిందని పేపర్లవాళ్ళు అడిగితే, ఒకసారి వానలో నడుస్తుంటే తట్టిందన్నాడు. ఒకసారి మా అమ్మ కళ్ళలో చదివానన్నాడు. అత్తగారి కళ్ళెప్పుడూ రేడియో మీదే ఉండేవని వదినమ్మకి తెలుసు.

ఇప్పుడాయన నాటకాల నుంచి తప్పుకుంటున్నాడు. ఆఖరిసారిగా అదే నాటకం ఆడి, తర్వాత సన్మానం చేస్తామన్నారు కమిటీవాళ్ళు. దానికోసమే వచ్చిన కూతురు తండ్రిని వంటింటి గుమ్మంలో పట్టుకుంది.

"నాన్నా, ఈసారైనా ఆ మాట ఎవరిదో చెప్తావా?"

"చెప్తాన్లేవే. అదేమన్నా బ్రహ్మవిద్యా?"

"కుడి పక్కకొచ్చి చెప్పు. ఎడం చెవికి చెప్పిన మాటలు లెక్కలోకి రావు."

డైరెక్టరు నవ్వి, కుడి పక్కకొచ్చి మరీ చెప్పాడు. వదినమ్మ పొయ్యి దగ్గర నిలబడి విననట్టే ఉంది. విన్నది.

సన్మానం రోజు పొద్దున్నే ఆయన బనీనుతో బీరువా అద్దం ముందు నిలబడి ఉపన్యాసం రిహార్సలు వేసుకున్నాడు. వదినమ్మ మంచం మీద ఆరిన బట్టలు మడతపెడుతోంది.

"'ఈ మాట నాకు అందించింది...' ఇక్కడ కాస్త ఆగుతాను. 'నా భార్య.' ఎలా ఉంది?"

"బాగుంది."

"గొంతు వణకనా, మామూలుగా అననా?"

"మామూలుగానే అనండి."

"వణికితే ఆడవాళ్ళు ఏడుస్తారోయ్." ఆయన ఇంకోసారి వణికించి చూసుకుని, కాగితం ఆవిడ చేతిలో పెట్టాడు. "ఇది నీ దగ్గరుంచు. ఎక్కడైనా ఆగితే అందించు."

మడతపెట్టిన తువ్వాలునే వదినమ్మ మళ్ళీ మడతపెట్టింది.

వింగులో కూర్చునేవాళ్ళు ముదురు రంగులు కడతారు, ముందు వరసకి కనిపించకుండా. వదినమ్మ జీవితమంతా నాటకం రోజున నలుపో, నేరేడుపండు రంగో కట్టింది. ఆ సాయంత్రం కూతురు కొన్న లేత పసుపు చీర కట్టింది. ఆ మాట చెప్పాక స్టేజి మీదికి పిలవకుండా ఉంటాడా అనుకుంది. అనుకున్నందుకు తన మీద తనకే కాస్త సిగ్గేసింది.

టైలరు షావుకారు మీసం అంటించుకుంటూ చూశాడు. "వదినా, ఈ రంగు బయటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది."

"కనిపించనీవయ్యా. ఒక్కరోజుకి మునిగిపోయేదేముంది?"

నాటకం బాగా జరిగింది. కొత్తగా ఇల్లాలి వేషం వేసిన బ్యాంకు అమ్మాయి ఒక్క మాటా మరిచిపోలేదు. ఆ వాక్యం వచ్చేసరికి జనం ఆమెతోపాటు తామూ పలికారు. తర్వాత పూలగుచ్ఛాలూ, జ్ఞాపికా అయ్యాయి. డైరెక్టరు మైకు ముందుకొచ్చాడు.

వదినమ్మ కాగితం మీద వేలు పెట్టుకుని, వాక్యం వెంట వాక్యం ఆయనతో నడిచింది. గోడౌనిచ్చిన ఫ్యాక్టరీని తలుచుకున్నాడు. టైలరుని, టీచరమ్మని, లైట్లు వేసిన ఎలక్ట్రీషియన్ని, రిహార్సల్సుకి టీ మోసినవాణ్ణి కూడా తలుచుకున్నాడు. ఎక్కడా తడబడలేదు.

"ఇక ఈ గోడ మీద ఉన్న మాట," అన్నాడు గోడకేసి చెయ్యి చూపించి. "ఈ మాట నాకు అందించింది..."

ఆగాడు. ఆగాల్సిన చోటే ఆగాడు. హాలంతా ఎదురుచూసింది.

ఆయన కావాలని ఆగేది వదినమ్మకి తెలుసు, నిజంగా మరిచి ఆగేదీ తెలుసు. నిజంగా మరిచిపోతే కుడిచేతి బొటనవేలు చూపుడువేలిని రుద్దుతుంది. ఇప్పుడు రుద్దుతోంది. నటిస్తున్నా బాగుండేది అనిపించింది ఆవిడకి. ఆయన నెమ్మదిగా వింగు వైపు తలతిప్పాడు. లేత పసుపు చీర మీద పడ్డ ఆ చూపులో ఏమీ లేదు. ఎప్పుడూ మునిగేవాళ్ళందరూ చూసే చూపే.

"నా" అంటే చాలు. మిగతాది తోకలా వస్తుంది. ఏమందిస్తే అదే అంటాడు. అలవాటుకొద్దీ ఆవిడ పెదవులు విడివడ్డాయి కూడా.

"వదినా, అందించు," అన్నాడు వెనకనుంచి టైలరు గాభరాగా.

వదినమ్మ పెదవులు మూసుకుంది.

డైరెక్టరు హాలుకేసి తిరిగి, రెండు చేతులూ చాపాడు. "...మీరు," అన్నాడు. గొంతు వణికింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. మూడో వరసలో కుడిచెవి స్టేజి వైపు పెట్టి కూర్చున్న కూతురు మాత్రం లేవలేదు. బ్యాగు తీసుకుని పక్క గుమ్మం వైపు నడిచింది.

తెర పడగానే ఆయన విసురుగా వింగులోకి వచ్చాడు.

"ఎందుకు అందించలేదు? మాట పోయింది నాకు. కాగితం నీ చేతిలోనే ఉందిగా?"

"ఉంది."

"మరి?"

"ఇన్నేళ్ళూ అన్ని మాటలూ అందించాను. ఈ ఒక్కటీ మీకు గుర్తుండాల్సిన మాట."

డైరెక్టరు ముఖంలో కోపం జారిపోయింది. తగలాల్సిన చోట తగిలిందేమో అని ఒక్క క్షణం ఆశపడింది వదినమ్మ. అంతలో ఆయన కళ్ళు ఆవిడ మీంచి లేచి పైన బల్బు మీద నిలిచాయి. పెదవులు కదులుతున్నాయి.

"ఈ ఒక్కటీ... మీకు గుర్తుండాల్సిన మాట," అన్నాడు లోగొంతుకతో. "'ఒక్కటీ' దగ్గర ఆగితే..." టైలరు వైపు చెయ్యి చాపాడు. "పెన్నుందా?"

టైలరు జేబులో బట్ట మీద గుర్తులు పెట్టే సుద్దముక్క ఉంది. డైరెక్టరు అదే తీసుకుని, వింగు చెక్క మీద రాయబోయి, ఆగాడు. బొటనవేలు చూపుడువేలిని రుద్దింది.

"ముందేమన్నావోయ్? మొదటి మాట అందించు."

వదినమ్మ ఉపన్యాసం కాగితం స్టూలు మీద పెట్టింది. బల్బు ఆర్పింది. పక్క గుమ్మంలో నిలబడ్డ కూతురికి కుడిపక్కకి వెళ్ళి, "పద," అంది.