తాళం వేసిన సానరాయి

కత్తులకు సాన పట్టే మొగుడి భుజం పడిపోయి, అతని సాన సైకిలు మరిడమ్మ ఎక్కిన కొత్తలో రామచంద్రపురం నవ్వింది. తర్వాత అలవాటు పడింది. తొంభై ఏడులో చంద్రరావు తన ఇంటి ముందే కరెంటు మోటారు పెట్టి సానకొట్టు తెరిచేసరికి, ఊరు ఆమెను మరిచే పోయింది.

"మోటారు ముందు నీ తొక్కుడేపాటి మరిడమ్మా? ఆ సైకిలు నాకిచ్చెయ్, పాత ఇనుములో వేయిస్తాను" అన్నాడు చంద్రరావు.

మరిడమ్మ కోపం తెచ్చుకోలేదు. కోప్పడితే ఒక్క కత్తీ రాదు. మాఘమాసపు పెళ్ళిళ్ళలో వంటవాళ్ళ కత్తిపీటలు దొరికితే సైకిలు నిలుస్తుంది, లేకపోతే పాత ఇనుమే. ఊళ్ళో పెద్ద పెళ్ళివంటలన్నీ నీచు ముట్టని లక్ష్మీనరసింహం గారివి. ఆయనేమో కత్తిపీటలన్నీ రిక్షాలో వేసుకుని చంద్రరావు కొట్టుకే వచ్చారు. ఎదురుగా సైకిలు ఆపుకుని మరిడమ్మ చూస్తూ నిలబడింది.

అప్పుడే చేపలమ్మే లోవమ్మ తన కత్తిపీటకు సాన పట్టించుకుని వెళ్తోంది. రాయి అంచున చేప పొలుసొకటి మెరుస్తోంది.

"మా పీటలూ ఇదే రాయి మీదేనటయ్యా?" అన్నారు లక్ష్మీనరసింహం గారు.

"కడిగేస్తానండి."

"కడిగితే పోతుందా నీచు!" అంటూ ఆయన రిక్షా వెనక్కి తిప్పించారు.

మర్నాడు మరిడమ్మ కొత్త రాయి పసుపు గుడ్డలో చుట్టుకుని ఆయన పెరటి గుమ్మంలో నిలబడింది.

"దీనికి నీచు తగల్లేదండి."

"ఇవాళ తగల్లేదు. రేపు చేపల బజార్లో తిప్పవని నమ్మకమేంటి?"

"నమ్మొద్దండి. రాయి మీ కొట్టుగదిలో పెట్టి తాళమేసుకోండి. కబురు పెడితే ఉత్త సైకిలుతో వస్తాను. మీ కళ్ళ ముందే బిగించి, పనయ్యాక విప్పి మీకే ఇచ్చేస్తాను."

ఆయన ఫక్కున నవ్వారు. "రాయి నీది, తాళం నాదీనా? గడుసుదానివే! ముందు ఆ సైకిలు బావి దగ్గర కడుక్కురా."

ఆ రాయి కన్నం తన సైకిలు ఇరుసుకే సరిపడేలా చేయించానని, చంద్రరావు మోటారుకు పట్టదని ఆమె చెప్పలేదు. రాయి ఆ గదిలో ఉన్నంతకాలం ఆ కత్తిపీటలు ఆమెవే.

మాఘం గడిచేసరికి మిగతా వంటవాళ్ళూ తలో రాయి ఇమ్మన్నారు. కార్తీకం రాబోతుంటే, ఆ నెల్లాళ్ళూ నీచు మానేసే ఇళ్ళవాళ్ళూ అడిగారు. మరిడమ్మ వీధికో ఇల్లు చూసి, అందరికీ నమ్మకమైన పెద్దావిడ దగ్గర వీధి రాయి ఉంచింది. చంద్రరావు కూడా రెండో రాయి తెచ్చి, 'ఇచ్చట శాకాహారపు రాయి కలదు' అని బోర్డు కట్టాడు. రెండు రాళ్ళూ ఒకే కొట్టులో ఉంటే ఎవరు నమ్ముతారు?

కార్తీక సోమవారం పొద్దున మరిడమ్మ సరిగ్గా ఆ కొట్టు ముందు సైకిలు స్టాండు వేసింది. చంద్రరావు తల్లి బుల్లెమ్మ ఇంట్లోంచి వచ్చింది. ఒక చేతిలో కత్తిపీట, రెండో చేతిలో పసుపు గుడ్డ మూట.

"అమ్మా! మన కొట్టుండగా బయట పట్టించడమేంటే? ఆ మూటేంటి?"

"వీధి రాయిరా. నెల నుంచీ మన దేవుడి గదిలోనే ఉంది."

"మనింట్లోనా?"

"నీ రాళ్ళ సంగతి నాకు తెలీదట్రా? జరుగు, వెనకాల వాళ్ళు కాసుకునున్నారు."

వీధిలో ఆడవాళ్ళంతా కత్తిపీటలతో బారు తీరి ఉన్నారు. మరిడమ్మ రాయి బిగించి తొక్కడం మొదలుపెట్టింది. నిప్పురవ్వలు చంద్రరావు బోర్డు దాకా ఎగిరాయి.

"చంద్రరావు గారూ," అంది తల తిప్పకుండానే, "ఆ పాత ఇనుము బేరం ఇంకా ఉందాండీ?"