ఒకే గొంతు సినిమా

ఎర్మెక్ పోయి ఏడాది నిండింది. కిర్గిజ్ కొండల్లోని నారిన్‌లో ఆయన ఇంటి నిండా బంధువులే. గుర్రం మాంసం తిని చేతులు కడుక్కున్నారో లేదో, పెద్దమామ సపర్ గడ్డం నిమురుకుంటూ అడిగేశాడు.

"కోడలా, ఆ ఇనుప సైనికుల సినిమా పెట్టు. వాడి గొంతు విని పోతాం."

ఎర్మెక్ భార్య బురుల్ గబుక్కున మరిది వైపు చూసింది.

ఊళ్లో వీడియో హాలు నడిచిన రోజుల్లో ఆ సినిమాకు కిర్గిజ్ మాటలు చెప్పింది ఆమె భర్త ఎర్మెకే. హీరోకీ, హీరోయిన్‌కీ, ఆకాశం నుంచి దిగిన ఇనుప సైనికులకీ ఆయనొక్కడిదే గొంతు, అదీ జలుబు చేసిన గొంతు. కొత్త సినిమాలు ఎన్నొచ్చినా జనం ఆ వీడియో టేపు కోసమే వచ్చేవారు. ఊరంతటికీ మాటలు కంఠతా వచ్చు. ఆయన గొంతు మిగిలింది అందులోనే. టేపు బాగా అరిగిపోయిందనీ, కాపీ తీసేదాకా ఆడించవద్దనీ రాజధాని బిష్కెక్‌లోని మెకానిక్ చెప్పాడు. రేపే మరిది ఒసోన్ దాన్ని తీసుకెళ్లాలి.

"నువ్వైనా చెప్పు ఒసోన్," అని గొణిగింది.

"పెద్దాయనకు నేనా? చెవులు తెంపి చేతిలో పెడతాడు వదినా! ఒక్కసారికేం కాదులే."

"మామా, టేపు తెగిపోతుందేమో..."

"ఏడాదంతా ఏడ్చాం. ఇవాళైనా నవ్వనివ్వవా తల్లీ?"

మామ మాట కాదన్న కోడలు ఆ వంశంలో లేదు. టేపు తనే తెచ్చి ఇచ్చింది.

తెర మీద నగరం తగలబడుతోంది. "ఇనుప తలకాయా, దమ్ముంటే మా కొండెక్కి చూడరా, ఆయాసంతో చస్తావు!" అన్నాడు ఎర్మెక్. సినిమాలో లేని మాట అది, ఆయన సొంతం. గదంతా గొల్లున నవ్వింది. బురుల్ కూడా నవ్వింది.

అంతలో గొంతు సాగింది, బొంగురుపోయింది, ఆగిపోయింది. ఒసోన్ యంత్రం మూత తీస్తే టేపు గొర్రె పేగుల్లా నలిగి, తెగి బయటికొచ్చింది.

ఆగిన చోటి నుంచి సపర్, ఎర్మెక్‌లాగే జలుబు గొంతుతో, మాటలందుకున్నాడు. హీరో మాట చెప్పాడు, ఎర్మెక్ దగ్గిన చోట దగ్గాడు. ఒసోన్ ఇనుప సైనికుడయ్యాడు. నవ్వుతూనే అందరూ కళ్లు తుడుచుకుంటున్నారు.

"అచ్చం అన్నయ్యే కదూ వదినా!"

ఎర్మెక్ ఆ మాట ఎలా అనేవాడో బురుల్ తలుచుకోబోయింది. చెవిలో ఆయన గొంతుకు బదులు సపర్ గొంతే మోగింది. ఆపమనాలనిపించింది, కానీ పెద్దాయనకు తనెలా చెబుతుంది?

"ఇప్పుడు హీరోయిన్ మాట. నువ్వు చెప్పు కోడలా," అన్నాడు సపర్.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఇన్నేళ్లూ ఎర్మెక్ గొంతు వింటూ కూర్చుందే గానీ, ఊరందరిలా ఒక్క మాటా కంఠతా పట్టలేదు.

"సరే, నేనే చెబుతాలే," అని సపర్ మళ్లీ మొదలుపెట్టాడు.