ఇంజను దించాక వినిపించిన హోరు

ఆ ఇంటి కోడళ్ళిద్దరికీ పొసగదని వీధిలో అందరికీ తెలుసు. పోట్లాడుకునేవారని కాదు. పెద్దకోడలికి మాట తక్కువ, చిన్నకోడలికి మాటే ఊపిరి. పెద్దామె ఇంట్లోనే ఒక గదిలో కూర్చుని పళ్ళ డాక్టర్లకు కట్టుడుపళ్ళు చేసిపెడుతుంది. చిన్నామె సోఫాలకూ కుర్చీలకూ గుడ్డలు కుడుతుంది. ఇద్దరూ వంటింట్లో ఉంటే గిన్నెల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు. "రెండు కొప్పులే ఒకచోట ఇమడవంటారు, నాదీ కలిపితే మూడు. ఇల్లు నిలబడిందంటే గొప్పే," అని అత్తగారు నవ్వేసేది.

ఆ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టింది పెరటి షెడ్డులో పడివున్న మామగారి కారు.

చాలా చిన్న కారది. ముందు ఇద్దరు కూర్చుంటే భుజాలు రాసుకుంటాయి. ఇంజను వెనక ఉంటుంది, సామాన్లు ముందు పెట్టుకోవాలి. మామగారు పోయాక దాన్ని కదిపినవాళ్ళు లేరు. టైర్లు నేలకు అతుక్కుపోయాయి. అద్దాల మీద దుమ్ము అట్టకట్టింది. షెడ్డు ఖాళీ అయితే తమ బండి పెట్టుకోవచ్చని అన్నదమ్ములిద్దరూ ఒక ఉదయం పాత ఇనుము కొనేవాణ్ణి పిలిచారు.

వాడు వెనక మూత ఎత్తి, గాలీ పెట్రోలూ కలిసే కార్బురేటరును ఊడబీకి, "ఇందులో కాస్త ఇత్తడుంది, మిగతాదంతా తుప్పే," అని గట్టు మీద పడేశాడు. పళ్ళ అచ్చులు పోసే సుద్దపొడి బస్తా కోసం షెడ్డుకు వచ్చిన పెద్దకోడలు దాన్ని చేతిలోకి తీసుకుంది. తిప్పి చూసింది. జేబులో ఉన్న సన్నటి పనిముట్టుతో లోపలున్న ఇత్తడి మరను విప్పింది. అది జొన్నగింజకంటే కాస్త పెద్దది. దాని నడుమ వెంట్రుక దూరేంత రంధ్రం. ఆమె దాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని ఒక కన్ను మూసి చూసింది. పొద్దస్తమానం పళ్ళ అచ్చుల్లో వెంట్రుకవాసి తేడాలు వెతికే కన్ను అది. ఆ రంధ్రం అవతల ఆకాశం ముక్క ఒకటి సూదిమొనలా మెరిసింది. ఇంత సన్నటి దారిలోంచి జారిన పెట్రోలేనా నలుగురు మనుషుల్ని కూర్చోబెట్టుకుని ఊళ్ళు దాటించింది అనుకుంది.

"కారు ఇవ్వట్లేదు," అంది.

ఆమె అంత గట్టిగా మాట్లాడటం అందరికీ కొత్త. "మరెవరు బాగుచేస్తారు వదినా?" అన్నాడు మరిది.

"నేను."

"నీకు పళ్ళు తప్ప ఇంకేం తెలుసు?" అన్నాడు మొగుడు.

"దీని గేర్లకీ పళ్ళే కదండీ ఉండేవి."

అత్తగారు ఫక్కున నవ్వింది. దాంతో తీర్పు అయిపోయింది.

చలికాలం మొదట్లో అన్నదమ్ములు గొణుక్కుంటూనే దూలానికి గొలుసు కట్టి ఇంజనును కిందికి దించి, పెద్దకోడలి పనిగదిలోకి మోసుకొచ్చారు. అప్పట్నుంచి గోడ అరల్లో నవ్వుతున్న పళ్ళ వరసల పక్కనే పిస్టన్లూ వాల్వులూ చేరాయి. పళ్ళు తోమే బ్రష్షుతోనే ఆమె వాటి మసి వదిలించింది. వెనక ఎర్రదీపం మూత ఒకటి పగిలిపోయి ఉంటే, రెండోదానికి అచ్చు తీసి, చిగుళ్ళకు వాడే ముద్దలోనే ఎర్రరంగు కలిపి కొత్తది పోతపోసింది. కట్టుడుపళ్ళు తీసుకెళ్ళడానికి వచ్చిన ఒక పెద్దాయన బల్ల మీద గేరు చక్రాన్ని చూసి, "నాది ఇదేనా అమ్మా? నోట్లో పడుతుందంటావా?" అని దిగులుగా అడిగాడు.

చిన్నకోడలు మొదట్లో ఆ గది వైపే రాలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని దెప్పింది కూడా. కానీ కారు ముందు సీట్లు పెరట్లో పడి ఉండటం చూశాక ఆమె చేతులు ఊరుకోలేదు. చిరిగిన అంచు తిప్పి చూసి పరుగున వచ్చింది.

"అక్కా, ఈ కుట్టు చూశావా? ఇది మిషను మీద పడే కుట్టు కాదు. ఈ వంపు దగ్గర ఎవరో చేత్తోనే కుట్టారు. లోపలివైపు, ఎవరికీ కనబడని చోట కూడా ఒక్క పోగు వంకర పోలేదు! ఎవరో ఏమో, వాళ్ళ చేతులకు దణ్ణం పెట్టాలి."

పెద్దకోడలు కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి, ఆ కుట్టును చాలాసేపు చూసింది. "నువ్వు ఇలా కుట్టగలవా?" అని అడిగింది.

"చూస్తాను," అంది చిన్నకోడలు. ఏ పనైనా చిటికెలో చేసేస్తాననే మనిషి ఆ మాట అనడం అదే మొదటిసారి.

ఎండలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం చిన్నకోడలు వెనక సీటు విప్పడానికి షెడ్డులోకి వెళ్ళింది. అంతలోనే కేక పెట్టింది.

"అక్కా! ఇంజను స్టార్టయింది!"

ఇంజను పెద్దకోడలి ఎదుట బల్ల మీద మూడు ముక్కలుగా ఉంది. ఈ పిల్లకు ఎండదెబ్బ తగిలిందేమో అనుకుంటూ ఆమె లేచి వెళ్ళింది. కారు తలుపు దగ్గర నిలబడగానే ఆమెకూ వినిపించింది. సన్నటి హోరు, ఆగకుండా, ఒకే శ్రుతిలో. వెనక సీటు మీద చెయ్యి ఆనిస్తే రేకు సన్నగా అదురుతోంది. ఇంజను లేని కారు నడిచే కారులా మోగుతోంది.

ఇద్దరూ కలిసి సీటు పైకెత్తారు. దాని వెనక ఒక అట్ట పలక ఉంది. అంచునున్న మరలు మెల్లగా వదులు చేసి, పలకను జానెడు పక్కకు జరిపారు.

లోపల తేనెపట్టు ఉంది. ఒకటి కాదు, పక్కపక్కనే తెరల్లా వేలాడుతున్నాయి. పైన ముదురు బంగారు రంగు, కిందికి వచ్చేకొద్దీ పాలమీగడ రంగు. కారు వెనక వంపు ఎలా తిరిగితే పట్ల అంచులూ అలాగే తిరిగాయి, ఎవరో కొలత తీసి కోసినట్టు. వాటి మీద తేనెటీగలు నిండుగా, కదిలే గుడ్డలా పరుచుకుని ఉన్నాయి. ఆ సందులోంచి వెచ్చటి గాలి వాళ్ళ ముఖాలకు తగిలింది. మైనం, ఎండ, ఏవో పూలు కలిసిన వాసన. అడుగు రేకులో రబ్బరు బిరడా ఊడిపోయిన కంతలోంచి అవి వస్తూ పోతూ ఉన్నాయి. షెడ్డు వెనక గోడ పక్కనుంచి వాటి రాకపోకలు. అందుకే ఇన్నేళ్ళూ ఎవరి కంటా పడలేదు. చలికాలమంతా ముడుచుకుని ఉన్నాయి కాబట్టి ఇంజను దించినప్పుడూ చప్పుడు లేదు.

ఒక ఈగ పెద్దకోడలి మణికట్టు మీద వాలి, కాసేపు నడిచి ఎగిరిపోయింది. ఆమె కదల్లేదు.

"నేను రోజూ మైనంతోనే కదా పని చేసేది," అంది పెద్దకోడలు చివరికి, గుసగుసగా. "దీపం కావాలి, అద్దం కావాలి, కొలిచే పనిముట్టు కావాలి. అయినా ఒక్క గోడ సమంగా రావడానికి తల ప్రాణం తోకకొస్తుంది. ఇవి చీకట్లో కట్టాయి చూడు. ఒక గది గోడే పక్కగదికీ గోడ. ఎక్కడా రవ్వంత వృథా లేదు."

సాయంత్రం అన్నదమ్ములు పొగ పెడదామన్నారు, మందు కొడదామన్నారు. అత్తగారు ఒప్పుకోలేదు. "మీరు పట్టించుకోని బండిని అవి ఇల్లు చేసుకున్నాయి. ఇంట్లోవాళ్ళను మందు కొట్టి చంపుతారా?"

రెండు వీధుల అవతల డాబా మీద తేనెటీగల్ని పెంచే డ్రిల్లు మాస్టారు ఉన్నాడు. కబురందగానే మెడలో ఈల కూడా తీయకుండా వచ్చాడు. సందులోకి తొంగిచూశాడు. "చెట్టు తొర్రల్లో చూశాను, గోడల్లో చూశాను. కారులో ఎప్పుడూ చూడలేదు," అన్నాడు. పూలు బాగా విచ్చేదాకా ఆగుదామని, అప్పుడైతే కొత్తచోట త్వరగా నిలదొక్కుకుంటాయని చెప్పాడు. ఆగారు.

చెప్పిన రోజున చెక్కపెట్టె, పొగ డబ్బా, ముసుగులూ తెచ్చాడు. పెట్టె పట్టుకోవడానికి స్థిరంగా ఉండే మనిషి కావాలన్నాడు. కొడుకులిద్దరూ కిటికీ వెనకనుంచి బయటికి రాలేదు. అత్తగారు ముసుగు వేసుకుని, పెట్టె ఒళ్ళో పట్టుకుని స్టూలు మీద కూర్చుంది.

"అమ్మగారూ, కాసేపు మాట్లాడకుండా ఉంటే మంచిది," అన్నాడు మాస్టారు.

"ఈ ఇంట్లో నన్నలా అనగలిగినవారు ఒక్కరే. ఆయన పోయారు," అంది అత్తగారు. అని, నిజంగానే నోరు మూసుకుంది.

మాస్టారు ఒక్కో పట్టునూ పసిబిడ్డను ఎత్తుకున్నట్టు కోసి తీస్తుంటే, పెద్దకోడలు చెక్క చట్రంలో సరిగ్గా పట్టేలా అంచులు సరిచేసింది. చిన్నకోడలు దారంతో కట్టింది. చేతి తొడుగులతో ముడి పడటం లేదని వాటిని తీసేసింది. ఈగలు ఆమె వేళ్ళ మధ్య పాకుతున్నాయి. దారం లాగే ముందు ప్రతిసారీ ఒక క్షణం ఆగి, అడ్డమున్న ఈగ పక్కకు తప్పుకున్నాకే ముడి బిగించింది. ఒక్కటీ కుట్టలేదు.

"అదిగో, రాణి," అన్నాడు మాస్టారు. మిగతావాటికంటే పొడుగ్గా, తొందర లేకుండా నడుస్తోంది. చుట్టూ ఉన్నవి దారి ఇస్తున్నాయి. దాన్ని మెల్లగా పెట్టెలోకి దాటించాడు. "ఇక మన పనేం లేదు. చూస్తూ ఉండండి. లోపలివే బయటివాటిని పిలుస్తాయి."

పెట్టె గుమ్మం దగ్గర కొన్ని ఈగలు తోకలు పైకెత్తి, కదలకుండా నిలబడి రెక్కలు ఆడించసాగాయి. గాలిలో మబ్బులా తిరుగుతున్న గుంపు ఒక్కసారి వేగం తగ్గింది. తరవాత కారులోంచి, దూలం మీదనుంచి, అత్తగారి భుజాల మీదనుంచి ఈగలన్నీ దిగి, బడి గంట విన్న పిల్లల్లా వరసకట్టి పెట్టెలోకి నడవడం మొదలెట్టాయి. ఎగరలేదు, నడిచాయి. అవి తన చేతుల మీదుగా నడిచి వెళుతుంటే అత్తగారు ఊపిరి బిగపట్టి చూసింది. ముసుగు వెనక ఆమె కళ్ళలో నీళ్ళున్నాయని పక్కనున్న కోడళ్ళకు మాత్రమే తెలిసింది. ఎండ తగ్గేసరికి షెడ్డు నిశ్శబ్దమైపోయింది. మాస్టారు పెట్టె గుమ్మం మూసి, తన డాబా మీదికి తీసుకెళ్ళాడు.

మర్నాడు పెద్దకోడలు సీటు వెనక ఆ సందులో మిగిలిన మైనం గీకడానికి కూర్చుంది. కారులో మిగతా చోట్ల రేకును ముట్టుకుంటే తుప్పు పొరలుగా రాలేది. ఇక్కడ మైనం, ఈగలు పూసిన జిగురు కింద రేకు చెక్కుచెదరలేదు. వెచ్చటి గుడ్డతో తుడిస్తే లేత నిమ్మపండు రంగు బయటపడింది, నిన్న వేసినంత తాజాగా.

"ఈ కారు నీలం కదా," అంది చిన్నకోడలు. కొడుకులూ అదే అన్నారు. వాళ్ళకు ఊహ తెలిసినప్పట్నుంచీ అది నీలమే.

అత్తగారు వంగి ఆ నిమ్మపండు రంగు మీద అరచెయ్యి ఆనించింది. "కొన్నప్పుడు ఇదే రంగు," అంది. "నాకు సముద్రం చూపిస్తానని ఈ కారులోనే తీసుకెళ్ళారు. దారంతా వాన. అందరూ ఆగిపోయారు, మేం ఆగలేదు. తరవాత మీ నాన్నే నీలం వేయించారు, మట్టి కనబడదని. నేనూ మరిచిపోయాననుకున్నాను."

కారుకు ఏ రంగు వెయ్యాలని తరవాత ఎవరూ చర్చించలేదు.

రేకు పని, రంగు పని అయ్యాయి. ఇంజను మళ్ళీ వెనక కూర్చుంది. చిన్నకోడలు సీట్లకు వంపుల దగ్గర చేత్తో కుట్టింది, రెండుసార్లు విప్పి మరీ కుట్టింది. కానీ కారు మాత్రం స్టార్టు కాలేదు. దగ్గేది, ఒకసారి తుమ్మేది, ఊరుకునేది. "దీనికి కట్టుడుపళ్ళే గతి," అన్నాడు మొగుడు. పెద్దకోడలు మళ్ళీ ఇంజను మీదికి వంగింది. పెట్రోలు వస్తోంది, నిప్పురవ్వ పడుతోంది. ఇంకేం లోటు? అన్నీ మొదట్నుంచి చూసుకుంటూ రాగా తెలిసింది, నిప్పురవ్వ తీసుకెళ్ళే తీగలు రెండూ ఒకదాని చోట ఒకటి తగిలించింది తనే.

"ఇప్పుడు తిప్పు," అంది.

చిన్నకోడలు తాళం తిప్పింది. ఇంజను ఒకసారి గింజుకుంది. తరవాత అందుకుంది. షెడ్డు రేకులు గలగలమన్నాయి. పెద్దకోడలు వెనక మూత మీద రెండు చేతులూ ఆనించింది. ఆ ఇంజనులో ప్రతి ముక్కనూ తను విప్పింది, కడిగింది, కంటికెదురుగా పెట్టుకుని చూసింది. ఏ ముక్కలోనూ ఈ ప్రాణం కనిపించలేదు. అన్నీ ఒకచోట బిగిస్తే ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది? తను చేసిన పనే అయినా, తనకంటే పెద్దదేదో చేతుల కింద కొట్టుకుంటున్నట్టుంది.

"అక్కా, ఏడుస్తున్నావా?"

"పొగ," అంది పెద్దకోడలు.

నీళ్ళ ట్యాంకు ఉన్న ఎత్తు మీదికి వెళ్దామంది అత్తగారు. కోడళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అది ఊళ్ళోకెల్లా నిటారు దారి. చిన్నకోడలు నడిపింది, అత్తగారు పక్కన, పెద్దకోడలు మోకాళ్ళు మడుచుకుని వెనక. మలుపుల్లో ఇంజను గొంతు బరువెక్కింది. నడిచేవాళ్ళు ఆగి చూశారు. ఒక బస్సు డ్రైవరు పక్కకు తప్పుకుని దారిచ్చాడు. చివరి మలుపులో కారు నడక వేగానికి వచ్చింది కానీ నిలిచిపోలేదు.

పైన ఆపారు. కింద ఊరంతా ఎండలో పరుచుకుని ఉంది. వేడెక్కిన ఇనుము చల్లారుతూ చిటచిటమంటోంది. కారు కింద నూనె చుక్క ఒకటి పడటం పెద్దకోడలి కంటపడింది. బట్టలు చూసుకోకుండా రోడ్డు మీద వెల్లకిలా పడుకుని లోపలికి జరిగింది. చెయ్యి బయటికి చాపగానే చిన్నకోడలు అడక్కుండానే సరైన పానా అందించింది. నాలుగు బోల్టులు బిగించాక చుక్క ఆగింది.

"ఇలాంటివి వస్తూనే ఉంటాయత్తయ్యా," అంది బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ. "వారానికోసారైనా కింద పడుకుని చూసుకోవాలి."

అత్తగారు కారు దిగలేదు. రోడ్డు ట్యాంకు దాటి అవతలివైపు దిగి, చెట్ల మధ్య కనబడకుండా పోతోంది. ఆమె అటే చూస్తోంది.

"అటు ఏముంది?"

"తెలీదత్తయ్యా. ఎప్పుడూ వెళ్ళలేదు," అంది చిన్నకోడలు.

"నేనూ వెళ్ళలేదు. చూద్దాం పదండి."

పెద్దకోడలు వెనక మూత ఎత్తి, నూనె కొలిచే కడ్డీ తీసి, తుడిచి, మళ్ళీ ముంచి చూసింది. సరిపడా ఉంది. మూత వేసి ఎక్కి కూర్చుంది.