నిండు కుండీలో పస్తు

నేను ఒక సిమెంటు కుండీని. రెండున్నర అడుగుల ఎత్తు, లావుపాటి నడుము, లోపలికి ముడుచుకున్న మూతి. నన్ను కదపాలంటే ఇద్దరు మనుషులు కావాలి. కుండీగా బతికింది తొమ్మిది నెలలే. ఆ తొమ్మిది నెలల్లో నాకు అప్పగించిన సరుకు ఒక్కటే, ఒక మొక్క. ఎవరైనా నమ్మి ఒకటి అప్పగిస్తే, తిరిగి ఇచ్చేనాటికి అది ఎలా ఉందన్నదే లెక్క. మిగతా కబుర్లన్నీ పైపూత.

నన్ను చేసింది కోనాల తాతారావు. గోదావరి కాలవ గట్టు కింద, నర్సరీల మధ్య, రేకుల పాకలో కుండీలు పోస్తాడు. ఇనప తీగతో వల అల్లి, దానికి సిమెంటూ ఇసకా కలిపిన ముద్ద మెత్తి నన్ను తయారు చేశాడు. మిగతావాళ్ళు బకెట్టు ఆకారంలో పోస్తుంటే ఈయన కలశంలా పోశాడు. "ఈ మూతి చూడండి, ఇంకెవరినైనా చెయ్యమనండి" అని వచ్చేపోయేవాళ్ళకి చూపించుకున్నాడు. ఇంత సన్నటి మూతిలోంచి ఎదిగిన మొక్కను బయటికి తీసేదెలాగో ఆయనా ఆలోచించలేదు, మెచ్చుకున్నవాళ్ళూ అడగలేదు. మనుషులకు లోపలికి పోయే దారి మీద ఉన్న శ్రద్ధ బయటికొచ్చే దారి మీద ఉండదు.

కొత్త సిమెంటు కుండీకి అక్కడొక ఆనవాయితీ ఉంది. నీళ్ళు తాగించడం అంటారు. ఇరవై రోజులపాటు నిండా నీళ్ళు నింపి, మూడు రోజులకోసారి పారబోసి మళ్ళీ నింపుతారు. ఆఖర్న పేడనీళ్ళు పోసి కడిగి ఆరబెడతారు. సిమెంటులోని సున్నం ఘాటు అలా పోతుంది. నాకు తాగించింది రెండు రోజులే.

మూడోనాడు పొద్దున్నే వెలుగుబంటి మంగాయమ్మ వచ్చింది. పక్క నర్సరీ ఆమెది. చీరకొంగు నడుముకి చుట్టి ఉంది, కాళ్ళకి మోకాళ్ళదాకా బురద.

"తాతారావ్, ఆ కుండీ నాకిప్పుడే కావాలి."

"ఇంకా పచ్చిదండీ. నీళ్ళు తాగుతోంది. మరో పద్దెనిమిది రోజులు ఆగాలండి."

"గోదారి ఆగుతుందేమో అడిగిరా. అది ఆగితే నేనూ ఆగుతాను."

"అదెలా ఆగుద్దండీ..."

"మరింకేం, బండిలోకి ఎత్తు."

ఆమె తొందరకి కారణముంది. ఆమె అత్తగారు వెనకటికి ఎర్ర నూరువరహాల చెట్టుకి ఒకే ఒక్క కొమ్మ గంధం రంగులో పూయడం చూసి, ఆ కొమ్మలే నాటి నాలుగు తల్లిమొక్కలు చేసింది. ఆ రంగు ఆ నర్సరీలో తప్ప ఎక్కడా లేదు. ఏటా తొలకరికి తల్లిమొక్కల కొమ్మలు కత్తిరించి నాటి, పిల్లమొక్కల్ని చేసి అమ్ముతారు. అమ్మినవేవీ బయటి మట్టిలో నిలదొక్కుకోలేదు. అంతకు ముందటేడు వరదనీళ్ళు తొమ్మిది రోజులు నిలవుంటే మూడు మొక్కలు కుళ్ళిపోయాయి. మిగిలింది ఒకటి. దాన్ని వేళ్ళతో సహా తవ్వి, ఎర్రమట్టీ ఆకు ఎరువూ నింపి నాలో నాటి, ఎత్తయిన అరుగు మీద పెట్టారు. వరద వచ్చింది, అరుగు అంచుదాకా తాకి వెళ్ళిపోయింది. మొక్క తడవలేదు. అప్పుడు నా అంత గొప్పవాడు లేడనుకున్నాను. నీటినుంచి కాపాడినవాణ్ణి, నానుంచి ఎవరు కాపాడాలన్న ఆలోచన రాలేదు.

దీపావళినాటికి తేడా మొదలైంది. కొత్త చిగురు పసుపుపచ్చగా వచ్చింది. ఈనెలు మాత్రం పచ్చగా, ఆకు మీద ఎవరో సన్నటి వల గీసినట్టు. నాకు విషయం తెలుసు. నా లోపలి గోడనుంచి సున్నం చెమ్మతోపాటు మట్టిలోకి దిగుతోంది. సున్నం ముదిరిన మట్టిలో ఇనుము గట్టిపడి కూర్చుంటుంది, వేరుకి అందదు. నవ్వొచ్చే సంగతేమిటంటే, నా ఒళ్ళంతా ఇనప తీగే. నా పొట్టలో ఉన్న మొక్క చస్తున్నది ఇనుము లేకనే. చెబుదామంటే నోరు లేదు. ఉన్న మూతి చూపించుకోవడానికే.

వైద్యం మంగాయమ్మ మరిది భాస్కర్రావు మొదలుపెట్టాడు. మంచివాడే. ఎవరు నీరసంగా కనబడినా తినిపించాలన్న రకం.

"ఆకలేస్తోంది వదినా దానికి" అని యూరియా చల్లాడు. పసుపు తగ్గలేదు. ఎముకల పొడి వేశాడు. గుడ్డు పెంకులు దంచి పోశాడు. ఆ రెండింట్లోనూ ఉన్నది నా దగ్గర ఎక్కువైన సరుకే. పైగా బోరు నీళ్ళు పట్టాడు, ఎండితే బకెట్టుకి తెల్లటి చార పడే నీళ్ళు. నేనొక వైపునుంచి, ఆయనొక వైపునుంచి సున్నం పోస్తూ వచ్చాం. శివరాత్రికి చిగుళ్ళు కాగితంలా తెల్లబడ్డాయి, అంచులు మాడాయి. మంగాయమ్మ రెండు కొమ్మలు తుంచి విడిగా నాటి చూసింది. రెండూ వారంలో కుళ్ళాయి. తొలకరికి మూడు నెలలుంది. అప్పటికి కొమ్మ పచ్చబడకపోతే ఆ రంగు భూమ్మీద ఉండదు.

ఒకనాటి పొద్దున ఆమె నా పక్కన పీట వేసుకుని కూచుంది. కింది ఆకొకటి, పై ఆకొకటి తెంపి ఒళ్ళో పక్కపక్కన పెట్టుకుంది. భాస్కర్రావు దోసిట్లో మళ్ళీ ఏదో తెచ్చాడు.

"ఏంటది?"

"యూరియానే. కొంచెం."

"చెయ్యి వెనక్కి తియ్యి భాస్కరం. పెళ్ళివారికి వడ్డించినట్టు వడ్డిస్తున్నావు, అది విస్తరి ముట్టుకోవడం లేదు. ఈ రెండూ చూడు. ఏది పండింది?"

"పైది."

"యూరియా చాలకపోతే ముందు పండేది కింది ఆకు. తనది తీసి పైవాళ్ళకి పంపి అది పండిపోతుంది. ఇక్కడ కిందిది నిగనిగలాడుతోంది. అంటే దాని దగ్గరుంది, కానీ పంపలేకపోతోంది. అలా కదలని సరుకు ఇనుము."

"నీ ఊహ తప్పయితే?"

"తప్పయితే ఒక్క ఆకే పోతుంది. నీ వైద్యానికి చెట్టే పోతోంది."

పచారీ కొట్టునుంచి అన్నభేది తెప్పించింది. ఆకుపచ్చ కలకండ ముక్కల్లా ఉంటుంది, ఇనుముతో చేసిన ఉప్పు. లీటరు నీళ్ళలో చెంచాడు వేసి, చిటికెడు నిమ్మఉప్పు కలిపింది. కోడి ఈక ముంచి, ఒక తెల్లటి ఆకులో సగానికే పూసింది. రెండో సగం వదిలేసింది. గుర్తుకి కొమ్మకి ఎర్ర దారం కట్టింది.

తర్వాతి ఆరు రోజులు నాకు బాగా గుర్తు. రెండోరోజు ఏమీ లేదు. మూడోరోజు పక్క చిగురొకటి మాడి రాలింది. నాలుగోరోజు భాస్కర్రావు అరుగు చుట్టూ పదిసార్లు తిరిగి, "ఊరికే చూస్తూ చంపుకుంటున్నాం వదినా" అన్నాడు. ఆమె అన్నం సగంలో లేచిపోయింది. ఆరోరోజు ఎండ ఎక్కకముందే వచ్చి దారం కట్టిన కొమ్మని వంచి చూసింది. ఈక తగిలిన సగంలో ఆకుపచ్చ చుక్కలు. రెండో సగం తెల్లగానే ఉంది.

భాస్కర్రావు వంగి చూసి, "ఇనుమే" అన్నాడు. మళ్ళీ తనే, "నేను పెట్టినవన్నీ..." అన్నాడు.

"సర్లే. నువ్వు పెట్టావు, పెట్టనిచ్చింది నేను."

ఆ సాయంత్రం మొక్కంతటికీ అదే నీళ్ళు చిలకరించారు. కానీ ఆమె బుర్ర అక్కడితో ఆగేది కాదు. "నేను పోసింది ఎర్రమట్టి. దానికి ఎరుపొచ్చిందే ఇనుముతో. ఉన్నదాన్ని తొక్కిపట్టింది ఎవరు?" అనుకుంటూ నా అంచు లోపల గోటితో గీకింది. తెల్లటి పొడి రాలింది. తాతారావుకి కబురు పెట్టింది.

ఆయన వచ్చి, పొడి అరచేతిలో వేసుకుని నిమ్మకాయ పిండాడు. బుసబుసమని పొంగింది. నేను అంత నిలువునా దొరికిపోయింది అప్పుడే.

"సున్నమండీ. ఇంకా కక్కుతోంది."

"పద్దెనిమిది రోజులు ఆగమన్నావు" అంది మంగాయమ్మ.

"గోదారి ఆగలేదు కదండీ."

ఆ మాట ఆయన మెల్లిగా అన్నాడు. దెప్పడానికి హక్కున్న మనిషి దెప్పకుండా వదిలేయడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆకు మీద చల్లింది పైపై వైద్యం. మొక్కను నాలోంచి తీస్తేనే బతుకు. మూతి సన్నం, వేరుముద్ద నడుమంత. ఆలస్యం చేస్తే వేసవి ఎండకి వేరు తట్టుకోదు.

"వేళ్ళు చుట్టూ కోసేసి లాగుదాం. కుండీ మిగులుద్ది" అన్నాడు భాస్కర్రావు.

"మిగిలి ఏం చెయ్యాలి? అందులో నిన్ను నాటాలా?"

అరుగు మీద పచ్చ వల కట్టి నీడ చేశారు. తాతారావు బొగ్గుతో నా ఒంటి మీద నిలువునా రెండు గీతలు గీశాడు. మంగాయమ్మ మొక్క మొదలుని రెండు చేతులా పట్టుకుంది. సుత్తి మొదటి దెబ్బకి పెచ్చు లేచింది, నేను పగల్లేదు. రెండో దెబ్బకి సన్నటి బీట గీత దాటి పక్కకి పాకింది.

"ఆపు! మట్టి కదుల్తోంది!"

అటు పగిలితే వేరుముద్ద ఒక్కసారిగా చెదిరిపోతుంది, సన్నవేళ్ళన్నీ తెగుతాయి. తాతారావు చెమట తుడుచుకున్నాడు. సుత్తి పక్కన పెట్టి ఉలితో కొద్దికొద్దిగా చెక్కాడు. సిమెంటు రాలాక ఇనప వల బయటపడింది. దాన్ని కటింగ్ ప్లయరుతో ఒక్కొక్క తీగే తెంపాడు. ప్రతి తీగకీ ఆమె "చూసి, చూసి" అంటూనే ఉంది. నేను నా ఇష్టంతో సరిగ్గా విడిపోయానని చెబితే అబద్ధం. ఆయన తన చేత్తో చేసినదాని బలహీనత ఎక్కడో ఆయనకి తెలుసు, అంతే.

నా రెండు చెక్కలూ విడిపోయాక లోపలిది అందరం చూశాం. నా గోడ వైపున్న వేళ్ళు నల్లబడి, అంగుళం దూరంలోనే వెనక్కి తిరిగిపోయాయి. నా ఒంటిని ముట్టుకున్న వేరు ఒక్కటీ బతకలేదు. నడిమధ్యన పిడికెడు తెల్లటి వేళ్ళు. ఆమె వాటిని చూసి కూలబడి ఏడ్చింది. తర్వాత లేచి మట్టికుండీ తెమ్మంది.

నా ముక్కలు అరుగు కింద పడున్నాయి. కుండీ అడుగున నీరు కారే చిల్లు మీద పెంకులు పరవడం అక్కడి అలవాటు. భాస్కర్రావు నావి రెండు ఏరబోతే, "దీనివి వద్దు" అంది. అన్నిటినీ కాలవ రేవులో విసిరేశారు.

మంగాయమ్మ బోరు నీళ్ళు మానేసింది. రోజూ పొద్దున్నే రెండు బకెట్లతో కాలవలోకి దిగుతుంది. రేవు జారుడుగా ఉంటుందని నా నడుము ముక్కనొకదాన్ని బోర్లా వేసి, దాని మీద కాలు పెట్టి వంగుతుంది. తొలకరి పడ్డాక భాస్కర్రావు గట్టు మీదినుంచి కేకేశాడు:

"వదినా! పదకొండు కొమ్మలు నాటావా? తొమ్మిదింటికి చిగుళ్ళొచ్చాయి!"

"రంగేంటి?"

"పచ్చవే!"

ఆమె మళ్ళీ వంగింది. బకెట్లు నింపుకుంది. నిండు బకెట్లతో లేచేటప్పుడు ఆమె బరువంతా నా మీదే పడుతుంది. ఆ కాస్సేపు కదలకుండా ఉంటాను.