గంట దాటేదాకా

చారు అడుగంటకుండా సిగ్నె గరిట తిప్పుతూనే ఉంది. బ్లూబెర్రీ పళ్ల చారు, చిక్కగా, నేరేడుపండు రంగులో కుతకుతమంటోంది. ఆ రంగే ఆమె పగిలిన వేళ్లలోనూ ఇంకిపోయింది. పెళ్లయి ఈ ఊరు వచ్చిన శీతాకాలం నుంచీ స్కీ పందెం రోజున ఆమె చోటు ఇదే, గడ్డకట్టిన సరస్సు ఒడ్డున, చెక్క పాక ముందున్న ఈ మంట దగ్గర. పందెగాళ్లు వస్తారు, కప్పు అందుకుంటారు, మూతి తుడుచుకుని సాగిపోతారు. ఆమె పేరు అడిగినవాళ్లు తక్కువ.

పందెం ఎలా మొదలైందో ఆమె అత్తగారు చెప్పేది. సరస్సుకు ఆ గట్టు పల్లెవాళ్లూ ఈ గట్టు పల్లెవాళ్లూ ఎవరి కాళ్లు గట్టివో తేల్చుకుందామని ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక బయల్దేరారట. గెలిచినవాడికి జున్నుగడ్డ. ఆ సాయంత్రం అందరూ తాగి పాడుకుంటుంటే, తిండి మూటలు మోస్తూ వాళ్ల వెనకే బయల్దేరిన ఒక రైతు ఇంటి పనిపిల్ల ఇంకా రాలేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. మంచు కరిగాక దొరికిందట పాపం. మరుసటేటి నుంచి కట్టుబాటు పెట్టారు. అందరికన్నా వెనక ఒకరు నడుముకు గంట కట్టుకుని రావాలి, ఆ గంట దాటేదాకా సరస్సు ఒడ్డున మంట ఆర్పకూడదు. తర్వాత ఆడవాళ్లూ పందెంలో దిగారు, బిగుతు బట్టల పట్నంవాళ్లూ వచ్చారు. గంట మాత్రం మారలేదు.

ఈ ఏడు ఆ గంట ఆమె భర్త ఇవార్ నడుముకుంది. మొన్నామధ్య కొట్టంలో గడ్డి మోస్తూ అతను ఛాతీ పట్టుకుని కూలబడిన సంగతి సిగ్నెకు తప్ప ఎవరికీ తెలియదు. పొద్దున స్కీలకు మైనం రుద్దుకుంటుంటే బతిమాలింది.

"మెల్లగా రావటమేగా. ముసలాళ్లకిచ్చే పనే ఇది," అన్నాడు.

"ఆ మాట నీ గుండెకి చెప్పు."

"ఇన్నేళ్లూ అది నీ మాటే వింది. ఇవాళొక్కరోజు నా మాట విననీ."

నవ్వొచ్చింది ఆమెకు. ఆ నవ్వుతోనే నోరు మూసుకుంది.

మధ్యాహ్నం దాటాక పొగమంచు దిగింది. సరస్సు కనబడకుండా పోయింది. వచ్చేవాళ్లు పలచబడి, ఆగిపోయారు. కప్పులు కడుగుతున్న ఆడబిడ్డ బ్రీట ఏదో ఊరి ముచ్చట చెబుతోంది గానీ సిగ్నె చెవులు సరస్సు మీదే ఉన్నాయి.

అప్పుడు గంట వినబడింది.

"అన్నయ్య వచ్చేశాడు వదినా, ఆర్పెయ్. నా వేళ్లు కొంకర్లు పోతున్నాయి."

సిగ్నె బరువంతా దింపుకున్నట్టు ఊపిరి వదిలి, బకెట్ ఎత్తి మంట మీద కుమ్మరించింది. ఆవిరి భుస్సుమంది. ఆ ఆవిరిలోంచి మెడలో గంటతో ఒక పెంపుడు రెయిన్‌డీర్ వచ్చింది. దాని వెనక మంద. వీళ్లవంక చూడనైనా చూడకుండా అడవిలోకి నడిచిపోయాయి.

తడిసిన కట్టెలు అంటుకోలేదు. పాకలోంచి పొడి భూర్జబెరడు తెచ్చి, మోకాళ్ల మీద కూర్చుని ఊదింది. తడి వేళ్లలో అగ్గిపుల్లలు విరిగాయి.

"మీ అన్నయ్య గుండె బాగోలేదు బ్రీటా," అంది, తల ఎత్తకుండానే.

బ్రీట వెంటనే పందెం ముగిసే చోట ఉన్న మగవాళ్లకు ఫోన్ చేసింది.

మంట లేచి చాలాసేపయ్యాక పొగమంచులోంచి ఒక పట్నం ఆవిడ తూలుకుంటూ వచ్చింది. చేతులకు పెద్ద పెద్ద ఉన్ని తొడుగులు. చేతులు మొద్దుబారి ఏడుస్తుంటే గంటాయన తనవి ఇచ్చాడట, పొగ వాసన పట్టుకుని నేరుగా పొమ్మని, వెనకే వస్తానని పంపాడట. మధ్యలో వాసన పోయిందట. ఎటు పోవాలో తెలియక అక్కడక్కడే తిరిగిందట.

"గంట వినబడిందా?" అని అడిగింది సిగ్నె.

"చాలాసేపు వినబడిందండీ. తర్వాత లేదు."

మగవాళ్లు మంచుబండి మీద వెళ్లి అతన్ని తెచ్చారు. అవతలి ఒడ్డున పైన్ చెట్టుకు ఆనుకుని, అలుపు తీర్చుకుంటున్నట్టే కూర్చుని ఉన్నాడట. మొహం మీదికంటా దుప్పటి కప్పి, బండిని పాక ముందునుంచే తీసుకెళ్లారు. గంట నిండా మంచు కూరుకుపోయి చప్పుడు కాలేదు. మంట మాట ఎవరూ ఎత్తలేదు.

"ఇంక ఆర్పెయ్ వదినా," అంది బ్రీట మెల్లగా.

"గంట మోగలేదుగా," అని సిగ్నె ఇంకో కట్టె వేసింది.

పట్నం ఆవిడను ఎవరో కారులో తీసుకెళ్లారు. పాకలో బల్ల మీద ఆమె విడిచి వెళ్లిన ఉన్ని తొడుగులు రెండూ, స్కీ కర్రను పట్టుకున్నట్టు వంపు తిరిగి, అలాగే బిగుసుకుని ఉన్నాయి.